పొరుగింట్లో పెట్టిన మూట

రాజాం నుంచి పూరీ వెళ్ళి రావడానికి అయిదు రోజులు. ఆ అయిదు రోజుల చాకిరీ అంతా ముందే చేసిపెట్టి గడప దాటాలని మా ఇంట్లో ఎవరూ నోరు విప్పి చెప్పలేదు. చెప్పక్కర్లేదు. తొమ్మిదేళ్ళ కాపురంలో ఆపాటి తెలివి నాకే వచ్చింది.

మాది ధాన్యం కొట్టు. ఇంట్లో పెద్దా చిన్నా పదకొండు మంది. నేను పెద్దకోడల్ని, పద్మకుమారిని. మా ఆయన నగరేశ్వరరావు నాకు మేనబావ. మా అత్త సూర్యకాంతం మా నాన్నకి సొంత అక్క. మేనత్తే కదా, కూతురిలా చూసుకుంటుందని అప్పగింతలప్పుడు అమ్మ అంది. ఆ మాటకేం లోటు రాలేదు. కన్న కూతుళ్ళ చేత కూడా ఆవిడ అలాగే పని చేయించింది మరి.

అరవై ఎనిమిదిలో బావ విజయనగరంలో ఒక కంట్రాక్టరు దగ్గర వాడిన మోటారు సైకిలు కొన్నాడు. తెచ్చిన రోజే, "దీని మీద మనిద్దరం పూరీ ఎల్దామే" అన్నాడు. నేను నవ్వి ఊరుకుని ఉండాల్సింది. ఊరుకోలేకపోయాను. పెళ్ళయ్యాక మేమిద్దరం వెళ్ళినవన్నీ పెళ్ళిళ్ళూ దినాలే, అదీ ఇంటిల్లిపాదీ బస్సెక్కి. బావతో ఒక పూట తీరిగ్గా మాట్లాడిన గుర్తు లేదు. జగన్నాథుడి దర్శనం అని అందరికీ చెప్పాను గాని నాకు కావలసింది దారి. ఆ దారి పొడుగునా మా మధ్య మూడో మనిషి ఉండడు. అందుకే ఆ ప్రయాణం మీద ప్రాణం పెట్టుకున్నాను.

బావ తయారీ బావది. మెకానిక్ ఎల్లాజీ చేత సామానుకి వెనక కేరేజి పెట్టించాడు, చీర కుచ్చిళ్ళు చక్రంలో పడకుండా జాలీ వేయించాడు. గాలిపంపు, ట్యూబు, పెట్రోలు డబ్బా, వానొస్తే టార్పాలిను. ఫాల్గుణంలో వానేమిటో. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టుందంటే వినలేదు. నాకు అలవాటు కావాలని ఒకనాడు పొందూరు దాకా ఎక్కించుకు వెళ్ళాడు. నడుం పట్టుకుంటే సిగ్గు, పట్టుకోకపోతే భయం. తిరిగొచ్చేసరికి మర్నాటి ఇడ్లీలకి పప్పు నానబొయ్యలేదని అత్త మొహం గంటు పెట్టుకుంది.

ఇక నా తయారీ రోటి దగ్గర. పదకొండు మందికి అయిదు రోజులకి సరిపడా కందిపొడి, చారుపొడి, చేగోడీలు, పిల్లలకి అటుకులు వేయించి ఉప్పూ కారం కలిపి డబ్బాలకెత్తడం. బియ్యంలో రాళ్ళేరడం. వీటితో బాటు రోజూ ఉండే వంట ఉండనే ఉంది. తోడికోడలు పుట్టింట్లో పురిటికి ఉంది, ఆమెనేమీ అనడానికి లేదు. శుక్రవారానికి అరచేతుల్లో బొబ్బలు లేచాయి. ఒళ్ళు పులిసిపోయి, కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను. అత్తారింటి సుఖం మోచేతి దెబ్బ అని ఊరికే అనలేదు.

ఆదివారం కొట్టుకి లారీలొస్తాయి, బావకి సోమవారం గాని కుదరదు. సోమవారమేమో తూర్పుకి శూల, ఆ దిక్కుకి ప్రయాణం కట్టకూడదు. అలాంటప్పుడు మా వైపు ప్రస్థానం పెడతారు. ముందుగా ఒక మంచి గడియ చూసి, ప్రయాణం చేసేవాళ్ళ బట్ట ఒకటి బియ్యమూ పసుపుకొమ్ముతో మూటగట్టి పొరుగింట్లో ఉంచుతారు. అక్కడితో వాళ్ళు ఆ గడియకే బయల్దేరినట్టు. తరవాత మూడు రాత్రులు దాటకుండా ఎప్పుడు కదిలినా దోషం లేదు. శుక్రవారం పొద్దున్న ఏడుంపావుకి అత్త ఆ మూట పట్టుకెళ్ళి పక్కింటి లక్ష్మణమ్మగారి గూట్లో పెట్టి వచ్చింది. నేను రోటి దగ్గరనుంచి లేవలేదు, చూడలేదు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి జల్లెడ కోసం లక్ష్మణమ్మగారింటికి వెళ్ళాను. ఆవిడ ఒంటరి మనిషి, నన్ను చూస్తే పాపం అనుకునే మనిషి. గూట్లో మూట కంటబడింది. దోసిట్లో ఇమిడేంత ఉంది. అందులో చీర పట్టదు.

"పిన్నీ, ఇందులో నా బట్ట లేదా?"

"మీ ఆయన తువ్వాలొక్కటే తెచ్చింది మీ అత్త. నీది ఏరేగా పెట్టేరనుకున్నాను."

ఇంటికొచ్చి అత్తనడిగాను. ఆవిడ చేస్తున్న పని ఆపి పీట మీద కూలబడింది.

"మర్సిపోనానే, పద్దా."

"ఎలా మర్సిపోతావత్తా?"

"ఈ ఇంట్లో ఆడదానికి పరస్తానం పెట్టింది ఎప్పుడే? మీ మావ కాశీ ఎల్తే ఆయనదే పెట్టేం. మా మావగారిదీ అంతే. సెయ్యి అలవాటుగా ఒక్క బట్టే తీసింది."

కావాలని చేయలేదు. ఆ సంగతి మొహం చూస్తేనే తెలుస్తోంది. అందుకే నాకింకా ఒళ్ళు మండింది. కావాలని చేస్తే దెబ్బలాడొచ్చు. గుర్తు లేనిదానికి ఎవరితో దెబ్బలాడను?

అప్పుడే కొట్టునుంచి వచ్చిన బావకి అత్తే చెప్పింది. "రేపు తూరుపు సూల. నీకు దోసం లేదురా, దానికున్నాది. దాన్ని తీసుకెల్లకు. నువ్వెల్లి దర్సనం సేసుకు రా. అది వచ్చే ఏడు ఎల్తాది."

"గురువారం ఎల్దాం లే" అన్నాడు బావ నన్ను చూడకుండా.

"నీ మూట మూడు రాత్రులు దాటిపోతాది. అయినా శనారం నుంచి మళ్ళీ నీకు లారీలు కదా?"

బావ తల గోక్కున్నాడు. తల్లికి ఎదురు చెప్పే మనిషి కాడు. అది నాకు తెలిసిందే. వచ్చే ఏడు ఎవరు చూశారు? వచ్చే ఏటికి మళ్ళీ ఈ కందిపొడి దంచే ఓపిక నాకుండదు. ఇప్పుడు వెళ్ళకపోతే ఇంకెప్పుడూ వెళ్ళను.

లోపలికి వెళ్ళి చీరలు రెండూ సంచిలో కుక్కాను. "ఆదివారం తూరుపుకి సూల లేదు కదత్తా?" అన్నాను.

"లేదు. ఏం?"

"నా సీర పెట్టకపోతే పోనీ. నేనే ఎల్లి పిన్నిగారింట్లో కూకుంటాను. ఇప్పుడే బయల్దేరతన్నాను."

దోషం ఎక్కడుందో ఆవిడ వెతుక్కునేలోగా గడప దాటేశాను.

లక్ష్మణమ్మగారు మజ్జిగన్నం కలిపి చేతికిచ్చింది. రెండు ముద్దలు తిన్నానో లేదో గోడ మీంచి అత్త గొంతు. "పద్దా, మినపప్పు ఎక్కడెట్టేవే?"

"అటక మీద, నీలం డబ్బాలో."

"నాకు అందదే. ఓపాలి వచ్చి తీసిచ్చి ఎల్లిపో."

లేవబోయాను. కాళ్ళు వాటంతటవే లేస్తున్నాయి. ఎలాగో కూర్చుని, "బయల్దేరిపోనానత్తా. మజ్జిలో ఎనక్కి రాకూడదు" అన్నాను.

ఆవిడ నమ్మకాన్నే ఆవిడకి అప్పజెప్పాను. కాసేపటికి గోడవతల నిచ్చెన ఈడుస్తున్న శబ్దం వినిపించింది.

గూటి కింద చాప పరుచుకుని నడుం వాల్చాను. దీపాల వేళ పడుకోకూడదని లక్ష్మణమ్మగారు అనబోయి ఊరుకుంది. ఎందుకో ఏడిచాను. దిగులు కాదు, ఒట్టి అలసట. అంతే, ఇంక ఒళ్ళు తెలియలేదు.

కళ్ళు తెరిచేసరికి చాప మీద ఎండ. తెల్లారగట్ల నాలుగింటికి బయల్దేరాలనుకున్నాం. నన్ను వదిలేసి వెళ్ళిపోయాడనుకుని వాకిట్లోకి పరిగెత్తాను.

బండి అక్కడే ఉంది. బావ అరుగు మీద స్తంభానికి చేరబడి ఉన్నాడు.

"నాలుగింటికే వచ్చీసేడు" అంది లక్ష్మణమ్మగారు. "లేపుతానంటే వద్దన్నాడు. బండి సప్పుడవుతాదని మీ గుమ్మం కాణ్ణుంచి తోసుకొచ్చేడు."

"లేపలేదేటి బావా? ఎండెక్కిపోనాది. ఈయేళకి బరంపురం ఎలా సేరతాం?"

"నువ్వు పడుకునుంటే ఎప్పుడూ సూడలేదే" అన్నాడు బావ. "నేను లేసేతలికి లేసుంటావు. నేను పడుకునేతలికి ఇంకా పనిలో ఉంటావు. తొమ్మిదేళ్ళయింది, ఇదే సూడ్డం."

కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. నిద్ర చాల్లేదనుకున్నాడు కాబోలు, "ఇంకో గంట పడుకుంటావా?" అన్నాడు.

సిగ్గు విడిచి చెప్తున్నాను, పడుకున్నాను.