బోర్లించిన చెంబులు

మా ఊళ్ళో కాన్పుల ఆస్పత్రి ఉందన్న సంగతి, రుకుణి నెత్తుట్లో తడిసిపోతూ ఉండగా, ఫోనులో ఎవరో అమ్మాయి చెబితే మాకు తెలిసింది.

అంబులెన్సుకి చేస్తే కాసేపు ఆగమని, మళ్ళీ లైన్లోకి వచ్చి, "ఖలియాపాలేనా?" అంది. "మీ ఊళ్ళోనే ప్రసవ కేంద్రం ఉంది కదండీ. ముందు అక్కడికి తీసుకెళ్ళండి. అక్కడివాళ్ళు రాసిస్తేనే బండి పంపుతాం."

"ఏ కేంద్రం తల్లీ? ఎక్కడుంది?" అని అరిచాను.

"కంప్యూటర్లో ఉందండీ" అంది. పెట్టేసింది.

అంతకుముందు అంబులెన్సు ఏటి అవతలి గట్టుదాకా వచ్చేది. ఏరు మేం దాటించుకునేవాళ్ళం. ఇప్పుడు అదీ లేదు. నులకమంచానికి వెదుళ్ళు కట్టి నలుగురం భుజాన వేసుకున్నాం. ముందు కొమ్ము రుకుణి మొగుడు టంకధర్ పట్టాడు. ఏటి ఇసుకలో మోకాళ్ళదాకా దిగబడుతూ నడిచాం. అవతలి గట్టు ఎక్కకముందే మంచం మీద మూలుగు ఆగిపోయింది. బిడ్డ బయటికే రాలేదు.

టంకధర్ ఏడవలేదు. మంచం దించి నా వంక చూశాడు. "ఆస్పత్రెక్కడుందిరా భగబాన్? అడుగు. ఎక్కడుందో అడుగు."

దినాలు కాగానే బ్లాకాఫీసుకి పోయాం. గుమస్తా కంప్యూటరు మా వైపు తిప్పి చూపించాడు. ఖలియాపాలి: మంచినీటి బోరు ఉంది. ఏటి మీద వంతెన, అన్ని కాలాల్లో తిరిగే రోడ్డు ఉన్నాయి. ప్రసవ కేంద్రం, నర్సు ఉన్నారు.

"చలికాలంలో గ్రామ సర్వే అయింది గదా" అన్నాడు గుమస్తా. "మీ ఊరిపెద్ద, ఆ గౌంతియా, అన్నీ చెప్పాడు. ఊళ్ళోవాళ్ళని కూడా అడిగారు. తులాబతి మాఝీ ఎవరు? దేనికీ లోటు లేదని చెప్పి వేలిముద్ర వేసింది."

తులాబతి టంకధర్ నానమ్మ. ఊరందరికీ ఆయీ.

టంకధర్ ముఖం చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను.

"వానలకు ముందు మళ్ళీ సర్వే వస్తోంది" అని గుమస్తా గొంతు తగ్గించాడు. "చెప్పుకునేదేదో అప్పుడు చెప్పుకోండి. దీన్నిబట్టే వంతెనలూ ఆస్పత్రులూ ఇస్తారు. ఇందులో ఉందని పడిందా, ఇంక ఎవడూ ఇవ్వడు."

*

ఆయీ చేసిన తప్పు మా ఊళ్ళో ఎవరైనా చేసేదే. గడప ముందుకి మనిషి వస్తే ముందు చెంబుతో నీళ్ళు పెడతాం. కాళ్ళు కడుక్కుని, తాగి, కూర్చున్నాకే ఎవరు, ఎందుకొచ్చారని అడుగుతాం. మన నీళ్ళు తాగినవాడి చెవిలో మన కష్టం పొయ్యకూడదు. పోస్తే తాగిన నీళ్ళు చేదెక్కుతాయంటారు. సర్వే బాబు వచ్చాడు. ఆయీ నీళ్ళిచ్చింది. ఊళ్ళో ఏమైనా ఇబ్బందా అవ్వా అని అడిగాడు. దేనికీ లోటు లేదు నాయనా అంది. ఆ నీళ్ళు ఎక్కడివని అతను అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఇక ఆస్పత్రి. గౌంతియా బలభద్ర ఊరి చివర కట్టించిన పసుపు రంగు గది అదేనని అప్పుడు గాని మాకు వెలగలేదు. ఇటుకలు మోసింది మేమే. గోదామన్నాడు, ఎరువు బస్తాలు పెట్టాడు, తాళం వేశాడు. తాతల నాటి గౌంతియాగిరీ అతనిది. కొత్తగా వచ్చిన కాంట్రాక్టులూ అతనివే. అతను గోదామంటే గోదామే.

కళ్లంలో మీటింగు పెట్టాం. ఎండకి కందిన ముఖాలతో, ఇప్పపూలు ఏరుకొచ్చిన గంపలు పక్కన పెట్టుకుని అందరూ కూర్చున్నారు.

"తగలెట్టేద్దాం" అన్నాడు టంకధర్. "గోదామూ తగలెట్టేద్దాం, ఆడి ట్రాక్టరూ తగలెట్టేద్దాం. ఆ సర్వే బాబుని ఏటిలో ముంచేద్దాం."

"ముంచడానికి ఏటిలో నీళ్ళేయి?" అంది నా చెల్లెలు హేమ. కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు. తొలకరికి ఆమెకు నెలలు నిండుతాయి. అప్పటికి ఏరొస్తుంది. ఏరొస్తే అవతలి గట్టు వేరే దేశం.

"తగలెడితే ఆస్పత్రి తగలెట్టారని కేసు రాస్తారు. ఆడికి ఇంకా మంచిది" అన్నాను. "ఇటుకల బట్టీకి వలసపోయినప్పుడు మనం ఏం చేశాం? సేటుని కొట్టామా? అందరం ఒక్కసారే అచ్చులు కింద పెట్టేశాం. ఎవడూ మట్టి ముట్టలేదు. వాడే దిగొచ్చాడు."

"అక్కడ ఆపడానికి పనుంది. ఇక్కడ మన దగ్గర ఏటుంది ఆపడానికి?" అన్నాడు వెనకనుంచి ఒక ముసలాయన. "మనం ఆపితే సర్కారుకేటి లోటు?"

"నీళ్ళాపండి" అంది హేమ.

"ఏటి?"

"బాబొస్తాడు గదా, మండుటెండలో. చెంబు బోర్లించి పెట్టండి. ఏ గడపలోనూ చుక్క ఇవ్వొద్దు. దాహమేసినోడు ఎక్కడున్నాయని అడక్క చస్తాడా?"

ఆయీ కర్ర నేలకేసి కొట్టింది. "నోర్ముయ్యవే! ఇంటికొచ్చినోడికి నీళ్ళు లేవనడమా? పశువులు చస్తాయి. పితరులు ఉమ్మేస్తారు. నా అత్త, దాని అత్త, ఎవరూ చెయ్యని పని."

"పశువులు చస్తే కొనుక్కోవచ్చు ఆయీ" అన్నాడు టంకధర్.

అంతే అన్నాడు. తిట్టలేదు. ఆయీ కర్ర పట్టుకుని లేచి వెళ్ళిపోయింది. ఆయీ కలిసిరాకపోతే సగం గడపలు కలిసిరావని మా అందరికీ తెలుసు. ఆమె నీళ్ళిస్తే మళ్ళీ అదే రాత, అదే వేలిముద్ర. హేమ పొట్ట మీద చెయ్యి వేసుకుని ఆమె వెళ్ళిన వైపే చూస్తూ కూర్చుంది.

*

సర్వే బాబు మిశ్రా గౌంతియా మోటారుసైకిలు వెనక కూర్చుని వచ్చాడు. కుర్రవాడే. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో పలకలాంటి ఫోను. చొక్కా అప్పటికే వీపుకి అంటుకుపోయింది. గౌంతియా అరుగు మీద మంచం వేయించి రమ్మన్నాడు. కాని ఈసారి ప్రతి వీధీ తిరిగి ఫొటోలు తియ్యమని పైనుంచి ఆర్డరట. బాబు మా వీధిలోకి తిరిగాడు.

నేను ఆయీ గడప వంక చూశాను. గడప ముందు ఆమె ఇత్తడి చెంబు ఉంది. బోర్లించి ఉంది. దాని పక్కన ఆయీ కూర్చుని ఉంది. ఆ తర్వాత వీధి పొడుగునా గడపగడపకీ చెంబులు బోర్లించే ఉన్నాయి.

"నమస్కారం అవ్వా" అన్నాడు బాబు. నుదురు తుడుచుకున్నాడు. "కొంచెం మంచినీళ్ళిస్తావా?"

ఆయీ చెంబు వైపు పోబోయిన చెయ్యి వెనక్కి లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది.

"ఊళ్ళో బోరుందని రాసుకున్నారట గదా నాయనా. రాసిన చోట తాగు."

"అవ్వా, నేను రాయలేదు. అప్పుడు వచ్చింది వేరే అతను."

"నువ్వైనా ఆడైనా గొంతు ఒకటే గదా. ఎండిందా?"

గౌంతియా నవ్వాడు. "ముసల్దానికి మతి పోయింది బాబూ. మనవడి పెళ్ళాం చచ్చిపోయిందిలే. రండి, మా ఇంట్లో చల్లటి నీళ్ళున్నాయి."

"తాగు నాయనా, తాగు" అంది ఆయీ. "తాగి, ఆ బోరెవరిదో కూడా రాసుకో."

బాబు ఆగిపోయాడు. ఫోనులోకి చూశాడు. "ఊరి మంచినీటి బోరు... ఎక్కడుంది బలభద్ర బాబూ?"

"మా ఇంట్లోదే. ఊరిదే."

"ఊరిదైతే నీ పెరట్లో ఎందుకు మొలిచింది మావా?" అంది ఎవరో ఆడమనిషి. "ఏం, ఎరువెక్కువైందా?" అంది ఇంకొకామె. వీధి అంతా ఒక్కసారి పగలబడి నవ్వింది. గౌంతియా ముఖం ఎర్రబడింది. ఆ ముఖం చూసి నవ్వడం మా ఊళ్ళో అదే మొదటిసారి.

"మేం తాగే చోటు చూపిస్తాం, రండి" అన్నాను.

ఊరు కదిలింది. గుండిగలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు ముందు, మగవాళ్ళు వెనక. ఏటి ఇసుకలో చెలమల దగ్గరికి తీసుకెళ్ళాం. చెలమలో అరచేతి లోతు నీళ్ళు. చిప్పతో ముంచితే మళ్ళీ ఊరేదాకా కూర్చోవాలి. బాబు వరసలో నిలబడ్డాడు. అతని ముందు ఇద్దరు ఆడవాళ్ళు కుండలు నింపుకునేదాకా ఆగాడు. తన వంతు వచ్చాక చిప్పెత్తి తాగాడు. ఇసుక ఉమ్మేశాడు. ఫోను తీసి చెలమ ఫొటో తీసుకున్నాడు.

"వంతెన ఎక్కడ?" అన్నాడు.

"నువ్వు దాని కిందే ఉన్నావు బాబూ. కనబడ్డంలేదా?" అన్నాడు టంకధర్.

బాబు తలెత్తి ఆకాశం చూశాడు. సిగ్గుపడ్డాడు.

*

మేం తిరిగొచ్చేసరికి గౌంతియా పోలీసులకి ఫోను చేసేశాడు. ప్రభుత్వ ఉద్యోగిని నిర్బంధించారని చెప్పాడట. జీపు అవతలి గట్టున ఇసుకలో దిగబడింది. సబ్‌ఇన్‌స్పెక్టరూ ఇద్దరు కానిస్టేబుళ్ళూ బూట్లు చేత్తో పట్టుకుని ఏరు దాటి వచ్చారు.

అప్పటికి పసుపు గది ముందు నులకమంచం వేసి ఉంది. దాని మీద హేమ పడుకుని ఉంది. చుట్టూ మెట్ల మీద, మట్టిలో, ఊరి ఆడవాళ్ళందరూ కూర్చున్నారు.

"ఏంటిది? లెగండి!" అన్నాడు ఎస్సై.

"కాన్పుకి వచ్చానయ్యా" అంది హేమ. "సర్కారు ఆస్పత్రి గదా ఇది. చేర్చుకోమనండి. నర్సుని పిలవండి."

"నొప్పులు వస్తున్నాయా?"

"ఇంకా నెల పైన ఉంది. వచ్చేదాకా ఇక్కడే ఉంటాను. నొప్పులొచ్చాక వెతుక్కుంటే ఏమవుతుందో మా రుకుణి వదినని అడగండి. ఇసుకలో ఉంది."

ఎస్సైకి ఏం అనాలో తెలియలేదు. తెలియనప్పుడు పోలీసు చేసే పనే చేశాడు. టంకధర్ చొక్కా పట్టుకున్నాడు. "నువ్వేనా లీడరు? ఎక్కు జీపు."

"జీపెక్కడుంది సారూ? రోడ్డు మీద రమ్మనండి, ఎక్కుతాడు" అన్నాన్నేను. ఒక కానిస్టేబులు నా మెడ పట్టుకున్నాడు.

అప్పుడు ఆయీ లేచింది. కర్ర కింద పడేసి రెండు చేతులూ కలిపి ఎస్సై ముందుకి చాపింది. "నన్ను కట్టు. దేనికీ లోటు లేదని వేలిముద్ర వేసింది నేను. అబద్ధానికి జైలుంటే ముందు నాకే."

ఆమె పక్కన ఇంకో రెండు చేతులు లేచాయి. ఆ పక్కన ఇంకో రెండు. మెట్ల మీద కూర్చున్నవాళ్ళూ, కళ్లంలో సగం మనసుతో వెళ్ళిపోయినవాళ్ళూ, గౌంతియా పొలంలో కూలికి పోయేవాళ్ళూ, అందరూ. ఎవరూ నినాదం ఇవ్వలేదు. ఊరు ఊరంతా చేతులు చాపి నిలబడింది. ఎస్సై దగ్గర ఉన్నవి రెండు జతల బేడీలు.

అతను చొక్కా వదిలేశాడు. చిరాగ్గా గౌంతియా వైపు తిరిగాడు. "కంప్లయింటు రాసివ్వండి. కాయితం మీద ఉంటే రేపు బలగంతో వస్తాను. ఎక్కడ గుమిగూడారు? ఈ బిల్డింగు ఎవరిది?"

"నాది" అన్నాడు గౌంతియా. "నా గోదాం."

"మీదా?" అన్నాడు సర్వే బాబు. ఫోను చూశాడు. "మరి ఇక్కడ ప్రభుత్వ ప్రసవ కేంద్రం అని ఉందే. కట్టిన కాంట్రాక్టరు పేరూ మీదే ఉంది."

"అంటే... సర్కారుదే. నేను చూసుకుంటున్నాను."

"సర్కారు ఆస్పత్రైతే గర్భిణి గుమ్మం ముందు పడుకుంటే కేసేంటండీ?" అన్నాడు బాబు. "తాళం తియ్యండి. నేను లోపల ఫొటో తియ్యాలి."

"ఏదో ఒకటి తేల్చి రాయవయ్యా" అన్నాడు ఎస్సై. "నీ గోదామంటే వీళ్ళ మీద కేసు. ఆస్పత్రంటే నీ మీద."

మేం ఎవరం ఆ ప్రశ్న నేర్పలేదు. అది దానంతట అదే వచ్చి నిలబడింది. కానిస్టేబులు కాయితం, కలం గౌంతియా చేతికి ఇచ్చాడు. గౌంతియా కలం పట్టుకున్నాడు. కాయితం మీద పెట్టాడు. తీశాడు. చుట్టూ చూశాడు. అతని కూలీలూ, అతని పాలేర్లూ, ఒక్కరి చెయ్యి కూడా దిగలేదు.

"రాయి మావా" అన్నాడు టంకధర్. గొంతులో కోపం లేదు. "గోదామా, ఆస్పత్రా? ఆ పొద్దుటినుంచీ నేను అడుగుతున్నది అదొక్కటే."

గౌంతియా కలం చేతిలోంచి జారి మట్టిలో పడింది. మంచం మీద హేమని చూశాడు. కూర్చోడానికి చోటు వెతుక్కున్నాడు. ఎవరూ జరగలేదు. నిలబడే చెప్పాడు.

"గోదామే. ఆస్పత్రని బిల్లు పెట్టాను. కట్టిందానికి సర్వేలో ఉందని పడితేనే బిల్లు పాసవుతుందన్నారు. ఆ బాబుని అరుగు మీద కూర్చోబెట్టి అన్నీ నేనే చెప్పాను. ఇంచార్జి నంబరు కావాలంటే నాదే ఇచ్చాను. ఎవడు చేస్తాడులే అనుకున్నాను." నోరు తుడుచుకున్నాడు. "చేశారు. ఆ పొద్దున చేశారు. మీ ఊరినుంచి కాన్పు కేసంట, మీ కేంద్రానికి పంపమంటారా, బండి పంపమంటారా అని ఆ అమ్మాయి నన్నే అడిగింది. బండి పంపమంటే కేంద్రం లేదని బయటపడుతుంది. తెరిచే ఉందా అంది. ఉందన్నాను. నర్సుందా అంది. ఉంది, ఇక్కడికే పంపెయ్యమన్నాను."