నేల సంగతి

మెల్కియోరీ బండి నల్లరేగడిలో ఇరుసుల దాకా దిగబడి ఉండటం చూసినప్పుడు నా నెత్తిన పాలు పోసినట్టయింది. ఆ మాట దాచుకోవలసిన అవసరం నాకేం లేదు. మూడేళ్ళు కాచుక్కూర్చున్నాను దానికోసం.

మాది కరాటు. ఇక్కడికొచ్చే విదేశీయులెవరూ ఊరికోసం రారు. రాత్రి ఇక్కడ పడుకుని, తెల్లారకముందే డబ్బాల్లో భోజనాలు కట్టించుకుని, పొగమంచులో కొండెక్కి, అవతల ఎంగొరొంగొరో అనే చల్లారిన అగ్నిపర్వతం గొయ్యిలోకి దిగి సింహాల్నీ ఏనుగుల్నీ చూసి, సాయంత్రానికి దుమ్ము కొట్టుకుపోయి తిరిగొస్తారు. మర్నాడు ఇంకోవైపు. వాళ్ళని తిప్పే బండ్లమీదే మా ఊరంతా బతుకుతుంది. మా ఆయన బోవాయ్ పద్దెనిమిదేళ్ళు ఆ బండ్లు నడిపాడు, అన్నీ మెల్కియోరీ కంపెనీలోనే. నేను అదే కంపెనీకి భోజనం డబ్బాలు కట్టేదాన్ని. కోడి ముక్క, ఉడికించిన గుడ్డు, అరటిపండు, నూనెలో వేయించిన మందాజీ రొట్టె ఒకటి. రోజుకి నలభై డబ్బాలు.

గొయ్యి లోపల ఒకటే పెద్ద నియమం. రోడ్డు దిగకూడదు. సింహం పది అడుగుల దూరంలో పిల్లల్ని ఆడిస్తున్నా సరే, చక్రం గడ్డి మీద పడకూడదు. మూడేళ్ళ కిందట ఎవరో పెద్ద అతిథి వచ్చాడని మెల్కియోరీ స్వయంగా బోవాయ్ పక్కన కూర్చుని కిందికి దిగాడు. ఖడ్గమృగం దూరంగా ఉంది. "రెండు నిమిషాలు, దిగు. ఎవరు చూస్తారు?" అన్నాడు. బోవాయ్ కుదరదన్నాడు. "జీతమిచ్చేది నేనా, గడ్డా?" అన్నాడు మెల్కియోరీ. బోవాయ్ దిగాడు. రేంజర్లు చూశారు.

వాళ్ళొచ్చి నిలదీస్తే మెల్కియోరీ ఏమన్నాడో తెలుసా? "నేను వద్దు వద్దంటూనే ఉన్నాను, వీడు వినలేదు" అన్నాడు. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషి. అతిథి ముందు యజమాని పరువెందుకు తీయాలని, తరవాత ఆయనే సర్దుతాడులే అని ఊరుకున్నాడు. మర్నాడు ఉద్యోగం పోయింది. ఆ వారంలోనే గేటు దగ్గర బోవాయ్ పేరు కొట్టేశారు, ఇక ఎప్పటికీ లోపలికి రానివ్వకూడదని.

గేటు ఆఫీసుకి నేనే వెళ్ళాను. అక్కడ అధికారి మర్యాదగానే మాట్లాడాడు. "మీ ఆయన రోడ్డు దిగాడన్నది నిజం కదమ్మా. నేనే దింపించానని యజమాని ఒప్పుకుంటే మళ్ళీ చూస్తాం. లేకపోతే మా చేతుల్లో ఏమీ లేదు" అన్నాడు. ఆ ఒక్క మాట కోసం మెల్కియోరీ దగ్గరికి పదకొండుసార్లు తిరిగాను. పదకొండోసారి తలుపు దగ్గరే నిలబెట్టి, "వంటమనిషివి, వంట చూసుకో" అన్నాడు. ఆ రోజే డబ్బాలు కట్టడం మానేశాను.

ఆదివారాలు ఫుట్‌బాల్ మైదానంలో బోవాయే నాకు డ్రైవింగ్ నేర్పాడు. గైడు పరీక్ష రెండోసారికి పాసయ్యాను. రెండు బండ్లున్న చిన్న కంపెనీలో చేరాను. బోవాయ్ మాత్రం పెట్రోల్ బంకు ఎదురుగా కూర్చుని టైర్లకి పంక్చర్లు వేసేవాడు. మెల్కియోరీ బండ్లకి కూడా. నాకు ఒళ్ళు మండిపోయేది.

"వాడి టైరుకి గాలెలా కొట్టబుద్ధేస్తోందయ్యా నీకు?" అనేదాన్ని.

"టైరుకేం తెలుసు పస్కా, తను ఎవరిదో" అనేవాడు.

అదీ మా ఆయన.

పోయిన నవంబరు సంగతి చెప్పే ముందు డ్రైవర్ల పద్ధతొకటి చెప్పాలి. గొయ్యిలో రెండు బండ్లు ఎదురుపడితే అద్దాలు దించుకుని ఆగుతాం. ఒకరికొకరు రెండు సంగతులు చెప్పుకుంటాం. జంతువు సంగతి, నేల సంగతి. ఎక్కడ ఏం కనబడింది, ఎక్కడ వాన పడింది, ఎక్కడ బురద. అబద్ధం చెప్పం, ఎంత పడనివాళ్ళకైనా. రెండోది చెప్పకుండా మొదటిది చెప్పడమన్నది నేనెప్పుడూ చూడలేదు.

ఆ రోజు మధ్యాహ్నం నా బండిలో ఇద్దరు ముసలి దంపతులు. నోరు మెదపని మనుషులు, పక్షుల్ని చూసుకుంటూ కూర్చున్నారు. ఎదురుగా కొత్త బండి ఒకటి వచ్చి ఆగింది. స్టీరింగు ముందు మెల్కియోరీ. అతని డ్రైవర్లు ఒక్కొక్కరే జారుకున్నారని, వేరే దారిలేక తనే నడుపుకుంటున్నాడని ఊళ్ళో అప్పటికే నవ్వుకుంటున్నారు. వెనక నలుగురు అతిథులు, మొహాలు వేలాడేసుకుని.

వయసులో పెద్దవాళ్ళు కనబడితే ముందు "షికమో" అనాలి మా దగ్గర. నేను అనలేదు. అతనే పలకరించాడు.

"ఏం చెల్లీ, బాగున్నావా? స్టీరింగు బాగానే తిప్పుతున్నావే. ఖడ్గమృగం కనబడిందా?"

"కనబడింది."

"ఎక్కడ, ఎక్కడ?"

"లెరాయి చెట్లవైపు దారిలో, రెండో తూము దాటాక ఎడమ పక్కన. చాలా దూరంలో ఉంది. దుర్భిణిలో చూస్తే తప్ప తెలీదు."

మెల్కియోరీ వెనక్కి తిరిగి అతిథులతో ఇంగ్లీషులో ఏదో అని నవ్వాడు. దుర్భిణిలో చూడటానికా ఇంత దూరం వచ్చింది, మీకు దగ్గరగా చూపిస్తాను చూడండి, అని దాని అర్థం. స్టీరింగు మీద చెయ్యి వేశాడు.

నేనాగాను. ఏ డ్రైవరైనా ఇప్పుడు "నేలెలా ఉంది?" అని అడుగుతాడు. అడగకముందే చెప్పడం కూడా మా పద్ధతే. ముందురోజు సాయంత్రం ఆ తూము అవతల ఒక్కచోటే కుండపోతగా కురిసింది. పొద్దుటి ఎండకి పైన పొర ఎండి, చూడటానికి గట్టి నేలలాగే ఉంది. కింద అంతా బురద. మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించాను.

"వస్తా చెల్లీ. బోవాయ్‌ని అడిగానని చెప్పు" అన్నాడు వెళ్తూ.

ఆ ఒక్క మాటతో నాలో మిగిలున్న కాస్త జాలి కూడా పోయింది.

మా ముసలి దంపతుల్ని నీటిగుర్రాల మడుగు దగ్గర గంటసేపు కూర్చోబెట్టాను. నాలుగు దాటాక తూమువైపు తిప్పాను. ఎడమ పక్కన గడ్డిలో రెండు నల్లటి చాళ్ళు, ఆ చాళ్ళ చివర కొత్త బండి. వెనక చక్రాలు పూర్తిగా మునిగిపోయాయి. ఖడ్గమృగం ఎప్పుడో వెళ్ళిపోయింది. ఓ అడవిదున్నల గుంపు మాత్రం దూరంగా నిలబడి వీళ్ళనే చూస్తోంది. నేను రోడ్డు మీద, సరిగ్గా మధ్యలో ఆపాను.

మెల్కియోరీ కిటికీలోంచి నడుం దాకా బయటికొచ్చి చేతులూపాడు.

"దేవుడిలా వచ్చావమ్మా! తాడుందా?"

"ఉంది."

"అయితే వెనక్కి తిప్పుకుని రా. రెండు నిమిషాల పని."

"తాడు పొట్టిది. అంతదూరం అందదు. రోడ్డు దిగాలి."

"దిగు మరి! ఎవరు చూస్తారు?"

"రెండు నిమిషాలు, ఎవరు చూస్తారు. ఇదే మాట మా ఆయనతో అన్నారు మీరు. గుర్తుందా?"

అతని మొహం మాడింది. ఆరింటికల్లా బండ్లన్నీ గొయ్యిలోంచి బయటపడాలి. ఆలోగా ఎవరూ చూడకుండా తేలితే సరి, లేదంటే రేంజర్లే వచ్చి తేలుస్తారు. డ్రైవర్లకి తెలిస్తే ఊరంతా తెలుస్తుందని అప్పటిదాకా వైర్‌లెస్‌లో ఎవర్నీ పిలవలేదు. నాలాంటి ఒక్క బండి కోసం చూస్తూ కూర్చున్నాడు. వెనక అతిథుల్లో ఒకామె గట్టిగా ఏదో అడుగుతోంది, జవాబు చెప్పడం లేదు.

"పస్కలీనా, పాత విషయాలు ఇప్పుడెందుకు? రేపే ఆఫీసుకి రా. బోవాయ్ గురించి ఉత్తరం రాసిస్తాను. నా మాట నమ్ము."

"పదకొండుసార్లు వచ్చాను మీ ఆఫీసుకి. రేపొద్దు, ఇప్పుడే. ఉత్తరమొద్దు, నోటితో. మీ పక్కనే ఉంది కదా వైర్‌లెస్, అందులో చెప్పండి."

"అందరూ వింటారే!"

"వినాలనే."

"నీకు మతిపోయిందా? ఇంత వయసు వచ్చినవాణ్ణి..."

"సరే. అయితే నేనిక్కడే ఉంటాను. దిగబడ్డ బండిని వదిలి వెళ్ళకూడదు మా పద్ధతిలో. కూర్చుని చూస్తాను." ఇంజన్ ఆపేశాను.

నా వెనక ముసలాయన మెల్లిగా, ఏమైందని అడిగాడు. ఏమీ లేదండీ, ఆయనొక మాట చెప్పాలి, కాస్త టైం పడుతుంది అన్నాను. ఆ దంపతులు మళ్ళీ పక్షుల్లో పడ్డారు.

పావుగంట పట్టింది. అడవిదున్నలు ఇంకాస్త దగ్గరికొచ్చాయి. ఆ బండిలో ఆడమనిషి ఏడవడం మొదలుపెట్టింది. నాకు వినబడింది. వినబడనట్టు నటించాను. చివరికి మెల్కియోరీ వైర్‌లెస్ చేతిలోకి తీసుకున్నాడు. నా బండి వైర్‌లెస్ పెట్టెలోంచి అతని గొంతు బొంగురుగా పలికింది.

"నేను... మెల్కియోరీని. మూడేళ్ళ కిందట బోవాయ్ రోడ్డు దిగింది నేను చెప్పబట్టే. అతని తప్పు లేదు."

తరవాత ఎక్కడినుంచో త్లూవాయ్ అనే డ్రైవరు గొంతు. "సరిగ్గా వినబడలేదు బాస్. మళ్ళీ చెప్పండి, గట్టిగా."

మళ్ళీ చెప్పాడు. ఎవరో ఈల వేశారు. ఇది నా పనేనని కనిపెట్టి ఇంకెవరో "వంటమనిషి వండింది చూశారా!" అని పకపకా నవ్వారు. మెల్కియోరీ వైర్‌లెస్ పక్కన పడేసి నావైపు చూశాడు.

"చెప్పాను కదా. ఇక లాగు."

"లాగుతానని నేనెక్కడన్నాను? చెప్పమన్నాను, చెప్పారు. బోవాయ్ పెళ్ళాన్ని నేను. రోడ్డు దిగను."

అతను బూతులు తిట్టాడు. అవి ఇక్కడ రాయను గానీ, ఒక్కొక్కటీ తేనెలా తాగాను. అంతలో వైర్‌లెస్‌లో కొత్త గొంతు పలికింది. రేంజరు. వాళ్ళూ అదే వింటారన్న సంగతి ఆఫీసులో కూర్చుని కూర్చుని మెల్కియోరీ మర్చిపోయాడు పాపం.

"మెల్కియోరీ గారూ, మీరెక్కడినుంచి మాట్లాడుతున్నారు?"

పెద్ద బండేసుకుని రేంజర్లు వచ్చేసరికి అయిదున్నర. ముందు అతిథుల్ని తమ బండిలోకి ఎక్కించుకున్నారు. తరవాత కాగితం తీశారు. మెల్కియోరీ వెంటనే వేలు నావైపు చాచాడు. "ఈవిడే నన్నిక్కడికి పంపింది! కావాలని!"

రేంజరు నా దగ్గరికొచ్చాడు. "రోడ్డు దిగమని చెప్పావా?"

"లేదు."

"బురద ఉందని చెప్పావా?"

అబద్ధం చెప్పి ఉండొచ్చు. నోరు రాలేదు. "లేదు. తెలుసు, కానీ చెప్పలేదు."

"మా కాగితంలో అది తప్పు కాదు. మీ డ్రైవర్లు మీలో మీరు చూసుకోండి" అని వెళ్ళి మెల్కియోరీ పేరు రాసుకున్నాడు.

డ్రైవర్లు చూసుకున్నారు. ఆ శనివారం సంఘం కూర్చుంది. ఈల వేసినవాళ్ళూ నవ్వినవాళ్ళూ అందరూ ఉన్నారు. ఎవరికైనా సరే నేల సంగతి దాచడం తప్పేనన్నారు, రెండు నెలలు బండెక్కొద్దన్నారు. తలూపాను. రెండేళ్ళన్నా ఊపేదాన్ని. మెల్కియోరీకి గేటు మూసేశారు. మూడు వారాల తరవాత బోవాయ్ పేరు తిరిగి రాసుకున్నారు. నా చిన్న కంపెనీలోనే, నా బండే అతనికిచ్చారు.

మొదటిరోజు పొద్దున బోవాయ్ ఉతికిన చొక్కా వేసుకుని, నేనిచ్చిన టీ తాగుతూ గుమ్మంలో నిలబడ్డాడు. గ్లాసు చేతికిస్తూ అన్నాడు.

"పస్కా, ఒకసారి వెళ్ళి మెల్కియోరీకి క్షమాపణ చెప్పిరా."

నేను విన్నది నిజమేనా అనుకున్నాను. "ఎవరికి?"

"బండిలో నలుగురున్నారు. ఆడవాళ్ళున్నారు. దున్నలు మీదకొచ్చి ఉంటే?"

"రాలేదుగా."

"వచ్చుంటే?"

నాకు కోపం నషాళానికెక్కింది. "నీ ఈ మంచితనమేగా నిన్ను మూడేళ్ళు రోడ్డు పక్కన కూర్చోబెట్టింది! గేటు తెరిపించింది నీ మంచితనమా, నా పగా? ఒక్కసారి చెప్పు."

"నీ పగే" అన్నాడు, ఏమాత్రం తడుముకోకుండా. చెప్పులేసుకున్నాడు. "కానీ ఆ మూడేళ్ళూ నేను నిద్రపోయాను. నువ్వు పోలేదు."

బండి వెళ్ళేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను. క్షమాపణ చెప్పడానికి వెళ్ళలేదు, వెళ్ళను. మెల్కియోరీ నోరు తెరిచి ఆ మాట చెప్పిన రోజునుంచీ నేను కూడా ఒళ్ళెరక్కుండా నిద్రపోతున్నాను. ఆ సంగతి మా ఆయనతో చెబితే బాధపడతాడని చెప్పలేదు.