మెచ్చుకోలు తరువాత వచ్చేది

బుధవారం ఉదయం నేను వచ్చేసరికి మధ్య బల్ల మీద చాక్లెట్ల పెట్టె తెరిచి ఉంది. మా దగ్గర పెట్టె కనబడితే ముందు ఒకటి నోట్లో వేసుకుంటాం, పెట్టినవాళ్ళకి ఆయురారోగ్యాలు కోరతాం, కారణం ఆ తరువాతే అడుగుతాం. పుట్టినరోజో, తన పేరున్న సెయింటు రోజున చేసుకునే పేరు పండుగో, కొత్త కారో అయి ఉంటుంది. ఒక్కోసారి అడగనే అడగం.

"ఎవరిదర్రా పండుగ?" అన్నాడు ద్యాంకో. అప్పటికే రెండోదాని కాగితం విప్పుతున్నాడు.

"స్ట్రాహిల్ అన్నయ్యది," అంది గెర్గానా, చెవికి హెడ్‌సెట్ తగిలించుకుంటూ. "ఆయురారోగ్యాలు అన్నా!"

"మీకూ తల్లీ," అన్నాడు స్ట్రాహిల్ కిటికీ పక్క కుర్చీలోంచి.

"ఈ వయసులో మళ్ళీ పెళ్ళి కాదు కదా? వదినకి తెలుసా?"

స్ట్రాహిల్ నవ్వాడు. స్టేషనులో రైలు కదిలేటప్పుడు నవ్వే నవ్వు అది. నా చేతిలోని చాక్లెట్ నోటిదాకా వెళ్ళలేదు. ఆయన పుట్టినరోజు చలికాలంలో. పేరు పండుగ చేసుకోడు. కారు లేదు. ఇక మిగిలింది ఒక్కటే. ఉద్యోగం మానేసేవాళ్ళు కూడా పెట్టె పెడతారు.

మా ప్లోవ్‌దివ్ నగరంలో ఎవరైనా లిఫ్టులో ఇరుక్కుంటే కాల్ మాకు వస్తుంది. నాతో కలిపి ఐదుగురం. కాల్ ఎత్తినవాళ్ళే లోపలివాళ్ళతో మాట్లాడాలి, అడ్రసు తీసుకోవాలి, మెకానిక్‌ను పంపాలి, ముగించాలి. ఒక్కో కాల్‌కి సగటున ఎంతసేపు పట్టిందో గోడమీది తెర చూపిస్తుంది. వేసవి నుంచీ ఆ అంకె హద్దు దాటి ఎర్రగానే ఉంది. రెండో అంతస్తులో కూర్చునే మేనేజరు కరాదిమోవ్ ఆ నెల మొదట్లో నన్ను మా గది బయటికి పిలిచి, "ఒకరు ఎక్కువున్నారు. టీమ్ లీడర్‌వి నువ్వు, పేరు నువ్వే చెప్పు," అన్నాడు. గడువు ఈ శుక్రవారం. ఆయన ఏ పేరూ చెప్పలేదు. గాజు తలుపులోంచి కిటికీ పక్క కుర్చీ వైపు మాత్రం చూశాడు. అందరికంటే పొడుగు కాల్స్ స్ట్రాహిల్‌వే.

నేనాయన్ని పోనివ్వకూడదనుకున్నాను. రాజధాని సోఫియా నుంచి వచ్చిన కోచ్ ఎలీనా టీమ్ లీడర్లకు తరగతులు చెప్పింది. "లోపాన్ని తోముతూ కూర్చుంటే మనిషి అరుగుతాడు, లోపం అరగదు. అతనికి ఏది బాగా వచ్చో కనిపెట్టండి. కనిపెట్టింది అతనికి చెప్పండి. ఆ తరువాత పనిని అటు తిప్పండి," అంది. కనిపెట్టాను, చెప్పాను. రోజూ కాఫీ యంత్రం దగ్గర స్ట్రాహిల్‌ని ఆపి, ముందురోజు ఆయన బాగా చేసింది ఒకటి చెబుతూ వచ్చాను. అవన్నీ నిజాలే. ఆయన వింటూ పాలిపోయేవాడు. కాల్స్ ఇంకా పొడుగయ్యాయి. నిన్న మెకానిక్ పెట్కోని తప్పు గుమ్మానికి పంపాడు.

"అన్నా, ఒక్క నిమిషం. కాఫీ తాగుదాం రా," అన్నాను.

కాఫీ అనగానే ఆయన మొహం బిగుసుకుంది. నడవాలోకి వచ్చాడు గానీ యంత్రం వైపు రాలేదు.

"వెళ్ళిపోతున్నావా?"

అవునన్నట్టు, మా దేశపు పద్ధతిలో, తల అడ్డంగా ఊపాడు. "కాగితం రాసేశాను. భోజనం వేళకి పైకెళ్ళి ఇచ్చేస్తా."

"ఎవరన్నారు నిన్ను పొమ్మని?"

"నువ్వే."

"నేనా!"

"రెండు వారాల నుంచీ అంటున్నావు కదమ్మా. ఒకరోజు నా గొంతు బాగుందన్నావు. ఇంకోరోజు నా ఓర్పు బాగుందన్నావు. ఇదివరకు ఇక్కడే పనిచేసిన యోర్దాంకాకి కాఫీ ఇప్పించి కరాదిమోవ్ ఏమన్నాడు? 'నీ అంత కష్టపడే మనిషిని చూడలేదు' అన్నాడు. సాయంత్రానికి ఆవిడ సంచీ సర్దుకుంది. మన ఊళ్ళో మనిషి గురించి వరసగా మంచిమాటలు ఎక్కడ రాస్తారు చెప్పు? చనిపోయాక నల్ల అంచు కాగితంలో రాసి గుమ్మానికి అంటిస్తారు. నువ్వు నాది నాకే చదివి వినిపిస్తున్నావు."

"అది కాదన్నా. నిన్ను నిలబెట్టుకోవాలనే చెప్పాను. నిజంగా నీలాగా ఎవరూ..."

"ఇదిగో, మళ్ళీ మొదలుపెట్టావు."

నా దగ్గరున్న మాటలన్నీ అవే. ఒక్కోటీ ఆయన చెవిలో పడేలోపు అర్థం మారిపోతోంది. ఇంకా మంచి మాట వెతికితే ఇంకా తొందరగా పంపిస్తాను. అప్పుడే మరొకటి కూడా తెలిసింది, అది నాకు రుచించలేదు. ఎలీనా చెప్పినవాటిలో చివరిది, పనిని తిప్పడం, నేనెందుకు వాయిదా వేస్తూ వచ్చాను? పొగిడితే నాకు ఖర్చు లేదు. పని మార్చాక అంకె పెరిగితే ఆ తప్పు నా మెడకి చుట్టుకుంటుంది. ఆయనకు మాటలు పంచి, భద్రత నా దగ్గర ఉంచుకున్నాను. ఆయనకు వినబడింది ఈ లోపలి లెక్కేనేమో. మనిషి చెవి మాటకంటే ముందు దాన్నే వింటుంది.

"నా అంతట నేను పోతే పరువుగా ఉంటుంది," అన్నాడు స్ట్రాహిల్ మెల్లగా. "తోస్తే పడ్డట్టుంటుంది. అంతే." గదిలోకి వెళ్ళి కోటు అందుకున్నాడు.

అప్పుడే గెర్గానా గొంతు పైకి లేచింది. "అమ్మా, అరవకండి! అడ్రసు చెప్పండి ముందు! హలో!" ఆమె నా వైపు తిరిగింది. "త్రాకియా పేటలో, ఎనిమిదో అంతస్తుకి కింద ఆగిపోయింది. ఒక్కతే ఉంది. తలుపులు చేతుల్తో లాగి తెరిచిందిట. కింది సందులోంచి ఏడో అంతస్తు నడవాలోకి దూకుతానంటోంది."

అంతస్తుల మధ్య ఆగిన లిఫ్టు కింద నడవా ఒక్కటే ఉండదు. దాని పక్కనే గొయ్యి ఉంటుంది. దూకినవాళ్ళ కాలు జారితే ఏడు అంతస్తుల లోతు.

గెర్గానా మా అందరిలోకీ చురుకు. ఆ చురుకే ఇప్పుడు ఫోను గుండా ఆ మనిషికి అంటుకుంటోంది. ఆమె ఎంత తొందరపడితే అక్కడ అంత తొందర. స్ట్రాహిల్ కోటులో ఒక చెయ్యి దూర్చి ఆగిపోయాడు. 'నువ్వయితేనే చేయగలవన్నా' అనే మాట నా గొంతు దాకా వచ్చింది. మింగేశాను.

"స్ట్రాహిల్! అక్కడ కొయ్యబొమ్మలా నిలబడ్డావేం? కోటు తీసి ఇటు రా!"

ద్యాంకో నోట్లో చాక్లెట్ ఆగింది. ఆ గదిలో ఎవరూ ఆయన్ని అలా పిలవలేదు.

"నిన్న పెట్కోని తప్పు గుమ్మానికి పంపి ఎవరో ముసలమ్మ చేత తిట్టించావు. నీకిక అడ్రసులు ఇవ్వను. ఈ లైను పట్టుకో. ఇలాంటివన్నీ ఇకనుంచి నీవే. గెర్గానా, ఫోను వదిలెయ్, పెట్కోని పంపు. అడ్రసులూ మెకానిక్‌లూ అన్నీ నీవి. ద్యాంకో, ఫోన్లో తిట్టేవాళ్ళని నువ్వు చూసుకో. రోసెన్, మిగతావి నీకు."

మాట్లాడితే పళ్ళూడతాయనుకునే రోసెన్ తల ఎత్తి, మళ్ళీ దించుకున్నాడు.

"నేను పైకి వెళ్ళాలి..." అన్నాడు స్ట్రాహిల్.

"ఎక్కడికీ వెళ్ళవు! రేపటి నుంచి ఈ పంపకం ఎలా నడవాలో ఎవడు చెబుతాడు, నీ తాతా?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. రెండు వారాల తరువాత ఆ మొహంలోకి నెత్తురు రావడం చూశాను. కోపం అది. పోయేవాడి మీద ఎవరూ అరవరని ఆయనకు తెలుసు. కోటు కుర్చీ మీదికి విసిరి, గెర్గానా చేతిలోంచి హెడ్‌సెట్ లాక్కున్నాడు.

"అమ్మా, నేను స్ట్రాహిల్‌ని. మీ పేరేమిటి? నెవేనా. నెవేనా, మీ చేతులు ఇప్పుడు ఎక్కడున్నాయి? తలుపు మీదేనా. ఉండనివ్వండి, తియ్యమనను. సంచీలో ఏమున్నాయి? పెద్ద మిరపకాయలా? కాల్చి ఒలవడానికా? మా ఇంట్లో తొక్క ఒలిచేది నేనే, మా ఆవిడ తినేది. నవ్వండి, పర్లేదు. ఆ సంచీ నలిగిపోతుంది, వెనక గోడ దగ్గర పెట్టండి. పెట్టారా? దాని పక్కనే మీరూ కూర్చోండి. నేనిక్కడే ఉన్నా."

తరువాత చాలాసేపు ఏమీ అనలేదు. ఊపిరి మాత్రం వినబడేలా వదులుతున్నాడు. గోడమీది అంకె పెరుగుతోంది. ఆ పక్క గెర్గానా రెండు ఫోన్లతో పెట్కోకి దారి చెబుతోంది. "రెండో గుమ్మం! లిఫ్టు గది తాళం కింది అంతస్తులో దర్జీ దగ్గరుంది, వాడు ఇంట్లోనే ఉన్నాడు, నేను మాట్లాడా!" ఆమె మొహం వెలుగుతోంది.

మా గది తలుపు తెరుచుకుంది. కరాదిమోవ్.

"ఎవరిదీ కాల్? ఇంతసేపా?" కిటికీ వైపు చూశాడు. "రలిత్సా, శుక్రవారం దాకా ఎందుకు? పేరు ఇప్పుడే చెప్పెయ్."

స్ట్రాహిల్ మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. ఆ వీపు వింటోంది.

"పేరు లేదు," అన్నాను. "పని మార్చాను. ఎవరికేది వచ్చో అదే ఇచ్చాను. నెలాఖరు దాకా చూడండి."

"అంకె దిగకపోతే?"

"అప్పుడు రాసుకోండి నా పేరు."

"రాసుకుంటాను," అని వెళ్ళిపోయాడు. వేళాకోళం కాదు.

హెడ్‌సెట్‌లో ఇనుము కీచుమంది, పెట్కో గొంతు వినబడింది, బయటపడిన నెవేనా ఏడుపు. స్ట్రాహిల్ మెడ తుడుచుకుని లేచాడు. నా బల్ల దాకా వచ్చాడు. కృతజ్ఞత చెబుతాడేమోనని నాకు భయమేసింది.

"తిట్టేవాళ్ళని ద్యాంకోకి ఇచ్చావు," అన్నాడు. "తప్పు. వాడు నవ్విస్తాడు. సగం మందికి అది ఇంకా మంట. రోసెన్‌కి ఇవ్వు. వాడు మాట్లాడడు కాబట్టి వాళ్ళే తిట్టి తిట్టి ఊరుకుంటారు."

"సరే, రేపు చూద్దాం."

"రేపటికి మర్చిపోతావు. ఇప్పుడే మార్చు. నీ ఉద్యోగం కూడా ఉంది కదా ఇందులో."

నేను రోసెన్‌ని పిలిచాను.