పద్నాలుగో గాటు మీద ఎవరూ లేరు

నేను ఒక వెదురు బద్దను. మనుషులంటే నాకు పెద్ద గౌరవం లేదు. ఉండాలని ప్రయత్నించాను, కుదరలేదు.

పార్వతీపురం అవతల కొండ మీద పుట్టాను. మేదర వీధిలో నన్ను నిలువునా చీల్చారు. నా తోటి బద్దలు కొన్ని తట్టలయ్యాయి, కొన్ని చేటలయ్యాయి, రెండు పాడె కట్టడానికి పోయాయి. వంకర లేకుండా పొడుగ్గా ఉన్నానని నన్ను ఒక బట్టల కొట్టు షావుకారు కొన్నాడు. పై అరల్లో ఉన్న తువ్వాళ్ళను కిందికి లాగడం నా పని. ఆయన కొడుకు బళ్ళో మాస్టారు. అతను నన్ను బడికి తెచ్చి పిల్లల అరచేతుల మీద వాడాడు. ఎక్కాలు వచ్చిన చేతికీ రాని చేతికీ నొప్పి ఒకటే. పిల్లలు ఎక్కాలు నేర్చుకోలేదు, చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కోవడం నేర్చుకున్నారు. దాన్నే అతను క్రమశిక్షణ అనేవాడు.

అతను బదిలీ అయ్యాక లెక్కలు చెప్పడానికి వైకుంఠం మాస్టారు వచ్చారు. తక్కువ మాట్లాడే మనిషి. నన్ను గాజు పెంకుతో నున్నగా గీకి, ఒక కొన నుంచి రెండో కొన దాకా సున్నా మొదలు ఇరవై అయిదు వరకు సమాన దూరంలో గాట్లు పెట్టారు. నా కింద పెట్టడానికి మూడు మూలల చెక్క దిమ్మ ఒకటి చేయించారు. లారీ షెడ్డు నుంచి ఒకే సైజు పాత నట్లు తెచ్చి వాటికి దారాలు కట్టారు. ఏడో తరగతిలో ఇరవై నలుగురు. తలా ఒక నట్టు.

యూనిట్ పరీక్ష పేపర్లు ఇచ్చిన రోజున ప్రతివాడూ తన మార్కు ఉన్న గాటుకు తన నట్టు తగిలించాలి. తర్వాత దిమ్మను నా కింద అటూ ఇటూ జరుపుతూ, నేను ఎటూ ఒరగకుండా నిలిచే చోటు వెతకాలి. ఆ చోటే సగటు.

నా సొంత బరువు వల్ల జవాబులో చిన్న తేడా రావచ్చని మాస్టారు మొదటి రోజే పిల్లలకు చెప్పారు. తన వల్ల ఎంత తేడా వస్తుందో ముందే ఒప్పుకునే మనిషిని మాత్రం నేను ఇంతవరకు చూడలేదు.

మొదటి పరీక్షకు నేను పద్నాలుగు దగ్గర నిలిచాను.

"ఇప్పుడు చెప్పండి, పద్నాలుగు ఎవరికి వచ్చాయి?" అన్నారు మాస్టారు.

పిల్లలు వంగి చూశారు. పద్నాలుగో గాటు ఖాళీగా ఉంది. ఇరవై మీద ఒక గుంపు, ఎనిమిది తొమ్మిది మీద ఒక గుంపు, చివర రెండు మీద తవిటమ్మ, మూడు మీద ఢిల్లేశు.

"ఎవరికీ నేదు సార్!" అన్నాడు ఢిల్లేశు. "మరి ఆ పద్నాలుగు ఎవుడిది సార్? దెయ్యానిదేటి?"

తరగతి గొల్లుమంది. మాస్టారు కూడా నవ్వారు. "దెయ్యానిదే. సగటు విద్యార్థి అని ఒకడుంటాడని పెద్దవాళ్ళు నమ్ముతారు. వాడు ఏ బెంచీ మీదా కూర్చోడు."

ఈ మాట ఏడో తరగతి పిల్లలకు అర్థమైంది. హెడ్మాస్టరు జగ్గారావు గారికి కాలేదు. ఆయనకు పిల్లల ముఖాలు గుర్తుండవు, తరగతుల సగటులు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఆ ఏడు మండలంలో ఒక కొత్త ముచ్చట మొదలైంది. గణితంలో ఏడో తరగతి సగటు పదిహేను దాటిన బడికి షీల్డు ఇస్తారట. చెక్క మీద ఇత్తడి రేకు కొట్టిన వస్తువు కోసం ఇంత వయసొచ్చిన మనిషి ఉక్కిరిబిక్కిరి కావడం చూస్తే, మా జాతిలో పాడెకు పోయిన బద్దలే నయమనిపించింది. వాటి పని వాటికి తెలుసు.

వానాకాలంలో ఢిల్లేశుకు జ్వరం వచ్చింది. మందుల కొట్టులో బిళ్ళలిచ్చారు. తగ్గిందన్నారు, మళ్ళీ వచ్చిందన్నారు. తర్వాత ఒక రోజు బడికి సెలవు ఇచ్చారు.

ఆ మర్నాడు పిల్లలు నన్ను బల్ల మీద పెట్టుకుని ఊరికే చుట్టూ నిలబడ్డారు. పాత నట్లు ఇంకా నాకు వేలాడుతున్నాయి.

"సార్, ఢిల్లేశు నట్టు ఏటి సేద్దుం?" అంది తవిటమ్మ.

మాస్టారు మూడో గాటు నుంచి ఆ నట్టును విప్పి జేబులో వేసుకున్నారు. నేను వెంటనే ఎక్కువ మార్కుల వైపు ఒరిగాను. దిమ్మను ముందుకు జరిపితే గానీ నిలబడలేదు. పద్నాలుగు దాటి, పద్నాలుగున్నరకు కొంచెం ఇవతల.

ఒక పిల్లవాడు పోతే నేను మెరుగుపడ్డాను. మనుషుల మీద నాకున్న చిన్నచూపులో కొంత ఆ రోజు నుంచి నా మీదికీ మళ్ళింది.

జగ్గారావు గారు మధ్యాహ్నం వచ్చారు. హాజరు పట్టీలో ఢిల్లేశు పేరు కొట్టేశాక లెక్క మళ్ళీ వేసుకుని వచ్చారు.

"చూశారా మాస్టారూ, ఇప్పుడు పద్నాలుగున్నర. ఆ గుంటడు పోయాక సగటు లేచింది. ఈసారి పరీక్షకు ఆ తవిటమ్మ కూడా రాలేదనుకోండి, పదిహేను దాటేస్తుంది. రానివాళ్ళను లెక్కలో కలపరు కదా."

మాస్టారు చెయ్యి జేబులోని నట్టు మీదికి పోయింది. "కూడా అంటున్నారు," అన్నారు.

"అదేనండి, ఆ పిల్ల కూడా."

"వినబడిందండి."

నేనైతే జగ్గారావు గారి వీపు మీద నా పాత ఉద్యోగం చేసి చూపించేదాన్ని.

తవిటమ్మ తల్లిదండ్రులు ఏటా ఇటుక బట్టీలకు పోతారు. పిల్ల కూడా సగం ఏడాది వాళ్ళ వెంటే ఉండేది. ఈ ఏడే నాన్నమ్మ దగ్గర ఉండి చదువుతానని పట్టుబట్టి ఆగింది. బడిలో తన అవసరం లేదని తెలిసిన మర్నాడు ఆ పిల్ల బట్టీ దారి పడుతుంది. మాస్టారికి ఆ భయమే పట్టుకుంది. రోజూ ఇంటర్వెల్‌లో కూర్చోబెట్టి భిన్నాలు చెప్పారు.

పరీక్ష రోజున ఆమె చోటు ఖాళీగా ఉంది.

"తవిటమ్మ ఏదిరా?"

"దానికి కడుపునొప్పి సార్," అన్నాడు వెనక బెంచీ కుర్రాడు. "నిన్ననే సెప్పినారు హెడ్మాస్టరు గారు, రేపు నీకు కడుపునొప్పి ఒస్తాదని."

"ఆయనకి ముందే ఎలా తెలుస్తాది సార్?" అంది ఇంకొక పిల్ల, అమాయకంగా ముఖం పెట్టి.

పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వారు. మాస్టారు నవ్వలేదు. ప్రశ్నపత్రాలు పంచి, అటెండరును గుమ్మంలో కూర్చోబెట్టి, సైకిలు తీసుకుని వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి వెనక క్యారియర్ మీద తవిటమ్మ ఉంది. తల దువ్వుకోలేదు. గుమ్మం దగ్గర ఆగిపోయింది.

"నానొద్దు సార్. నాకు రావు కదా, మీకు తగ్గిపోద్ది."

"తగ్గనీ. లోపలికి వచ్చి కూర్చో."

"హెడ్మాస్టరు గారు తిడతారు సార్."

"తిట్టేది నన్ను. నీకేం? రాయి."

ఆమె రాసింది. వెళ్ళి వచ్చినంత సమయం ఆమెకు వేరుగా ఇచ్చారు.

పేపర్లు ఇచ్చిన రోజు మళ్ళీ నట్లు తగిలించారు. ఇరవై రెండు నట్లతో నేను పదిహేను దాటి నిలిచాను. అప్పుడు తవిటమ్మ వచ్చి ఆరో గాటుకు తన నట్టు కట్టింది. ఆ కొస బరువెక్కి కిందికి వంగింది. ఆ పిల్లే వంగి, నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని, దిమ్మను ఒక వేలితో తన వైపు జరుపుకుంది. ఇంకొంచెం. ఇంకొంచెం. పదిహేనుకు కాస్త ఇవతల నేను నిలిచాను.

"నా ఒక్కదాని వల్ల ఇంత కదిలిందేటి సార్?" అంది, ఆశ్చర్యంగా.

"నీ వల్లే," అన్నారు మాస్టారు.

నేను మోసిన బరువుల్లో ఆ నట్టు ఒక్కటే నాకు బరువనిపించలేదు.

జగ్గారావు గారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆయన ముఖం చూడదగ్గది. "పద్నాలుగు పాయింట్ ఏడు! ఎవరు రమ్మన్నారు ఈ పిల్లని?"

"నేనేనండి, నేనే తీసుకొచ్చాను."

"షీల్డు పోయింది మాస్టారూ! తెలుస్తోందా మీకు? పోయింది!"

"పోయింది షీల్డే కదండీ," అన్నారు వైకుంఠం మాస్టారు.

పిల్లలు కిందికి చూశారు. జగ్గారావు గారికి మాత్రం ఏమీ తట్టలేదు. తిడుతూనే వెళ్ళిపోయారు.

షీల్డు పక్క ఊరి బడికి పోయింది. పరీక్ష రోజున అక్కడ చాలామంది పిల్లలకు కడుపునొప్పులట. మాస్టారిని వేసవిలో దూరం బదిలీ చేశారు. తవిటమ్మ బట్టీకి పోలేదు. ఎనిమిదిలో కూర్చుంది. నన్ను ఎత్తి స్టోరు గదిలో పడేశారు.

నెలకోసారి అటెండరు నన్ను బయటికి తీసి, కొసకు గుడ్డ కట్టి, హెడ్మాస్టరు గారి గదిలో బూజు దులుపుతాడు. ఆ గోడకు నడుమన ఒక పెద్ద మేకు ఉంది. షీల్డు కోసం ఆయన ముందుగానే కొట్టించినదట. ఇప్పుడు దానికి ఆయన గొడుగు వేలాడుతోంది. ఒకటే గొడుగు. సగటు తీయడం ఆయనకు సులువు.