వెనక సీటు

జూన్ పదిహేనున స్నేహితుడు బాలమల్లుని బుల్లెట్ వెనక ఎక్కించుకుని లడఖ్‌కి బయలుదేరాలి. పదమూడో తారీఖు వచ్చేసినా ఫణిభూషణ్ అతనికి అసలు సంగతి చెప్పలేదు. మేడ్చల్ మందుల ఫ్యాక్టరీలో యాభై మందిని హడలగొట్టే నోరు, ఈ ఒక్క మాటకి పెగలనంది. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతుంటే అమూల్యకి ఒళ్లు మండింది.

"మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

"మొగుణ్ణి కాస్త ఊపిరి పీల్చుకోనీవే! నేనే చెబుతా."

బండి నడపొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. మహానుభావుడు ఆ బుల్లెట్ మీదే శామీర్‌పేట చెరువుకట్టకి వెళ్లాడు!

పదమూడేళ్ల కిందట ఇదే కట్ట మీద బండి ఆగిపోతే, చేపలు పట్టే బాలమల్లు తోసిపెట్టాడు. ఎక్కడికని అడిగాడు. బీదర్ అనగానే వల గట్టున పడేసి వెనకెక్కాడు. అప్పట్నించీ ఏటా ఎక్కడికో అక్కడికి పోవాల్సిందే. ఆ ప్రయాణాలు లేకపోతే కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఉద్యోగస్తుడికీ, శామీర్‌పేట బెస్తవాడికీ కలుసుకునే పనేముంటుంది? ఫణిభూషణ్‌ని తినేస్తున్న భయం అదే.

బాలమల్లు అంత ఉక్కలోనూ కొత్త స్వెట్టరు తొడుక్కుని ఎదురొచ్చాడు.

"మస్తుందారా?"

"నాకు మూర్ఛ వస్తోందిరా. బండి నడపకూడదట."

"అయ్యో! ఎప్పటిసంది?"

మార్చి నించని అబద్ధమాడొచ్చు. నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"పోయిన జూలైలో మొదటిసారి వచ్చింది."

బాలమల్లు మొహం మారిపోయింది. "మనం బస్తర్ వోయింది ఆగస్టుల గదా? వానల, గా ఘాట్ రోడ్డు మీద... ఎర్కుండే నన్నెనక కూసోబెట్టుకున్నవా?"

"చెబితే రావనుకున్నా. ప్రయాణాలు ఆగిపోతే నువ్వు నాకు దక్కవనుకున్నారా."

"నాకిద్దరు ఆడపిల్లలున్నరు. నువ్వసలు మనిషివేనారా?"

స్వెట్టరు విప్పి నేలకేసి కొట్టి, కట్ట వెంబడి వెళ్లిపోయాడు. ఫణిభూషణ్ బండి పక్కన నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. పదమూడేళ్ల స్నేహం చేజేతులా చెడగొట్టుకున్నానని ఏడుపొచ్చింది.

చాలాసేపటికి బాలమల్లు వల తాడొకటి పట్టుకుని తిరిగొచ్చాడు.

"తాళం తే. ఎన్క కూసో."

"నీకు నడపడం రాదు కదరా!"

"నేర్పు. గీ యాడాది కాకుంటే వచ్చే యాడాది పోదాం."

తాడుతో ఇద్దరి నడుములూ కలిపి బిగించాడు. "మూర్ఛొస్తే జారిపోవు. వడ్తే ఇద్దరం వడ్తం."

"కోపం పోయిందా?"

"యాడ పోతది? గది గూడ మనెంటనే వస్తది. గేరేడుందో జెప్పు."

బండి మూడుసార్లు ఎగిరి ఆగిపోయింది. నాలుగోసారి కదిలి, తిన్నగా నీళ్లవైపు నడిచింది.

"బ్రేకు! కుడికాలి కిందరా, నాయనా!"

"లొల్లి వెట్టకు!"

హ్యాండిల్ తిరిగింది. బండి వంకర్లు పోతూ రోడ్డెక్కింది. ఫణిభూషణ్ కళ్లు మూసుకుని వాడి భుజాలు రెండు చేతులతో పిసికేస్తున్నాడు. ఇన్నేళ్లలో, బస్తర్ కొండల్లో కూడా, బాలమల్లు తన భుజం ఒక్కసారైనా ఇలా పట్టుకోలేదని అప్పుడు తట్టింది. సిగ్గుతో చచ్చిపోయాడు. చేతులు మాత్రం వదల్లేకపోయాడు.