వీపులకు కచేరీ

ఉద్యోగం చేసినన్నాళ్లూ ఈశ్వరప్రసాద్ పని మనుషుల్ని నిద్రపుచ్చడం. ఆస్ట్రేలియాలో, సిడ్నీ దగ్గర పారమట్టాలోని ఆస్పత్రిలో ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరు. ఒక్క సంతకం పెట్టించుకుంటే చాలు, ఎంతటి మనిషినైనా ఒళ్లు తెలియకుండా పడుకోబెట్టేవాడు. అవే మనుషుల్ని పార్కులో మెలకువగా కూర్చోబెట్టి నాలుగు పాటలు వినిపించాలంటే ఎన్ని సంతకాలు కావాలో రిటైరయ్యాక గానీ ఆయనకు తెలిసిరాలేదు.

మృదంగం చిన్నప్పుడు గుంటూరులో నేర్చుకున్నదే. మళ్లీ బయటికి తీయగానే భార్య శేషుకుమారి, "నాకు తలనొప్పి, పక్కింటివాళ్లకు మొహమాటం. పార్కుకు తీసుకెళ్లండి" అంది. అలా క్వేకర్స్ హిల్ పార్కులో చెరువు పక్కనున్న రేకుల పందిరి కిందకు చేరాడు. అక్కడ రుక్మణి, ఆమె భర్త కమలేష్ కలిశారు. ఇద్దరూ ఫిజీ నుంచి వచ్చినవాళ్లు. కమలేష్ బస్సు నడిపి రిటైరయ్యాడు, హార్మోనియం వాయిస్తాడు. రుక్మణి పాడుతుంది. ముత్తాతలు ఫిజీ చెరకు తోటలకు కూలికి వెళ్తూ వెంట తీసుకెళ్లిన రామ భజనలు ఆమె గొంతులో అలాగే ఉన్నాయి. మాట్లాడితే సగం హిందీ, పాడితే మాత్రం అచ్చ తెలుగు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ కూర్చునేవాళ్లు. వినడానికి ఓ పదిమంది. ఫ్లాస్కులో టీ, డబ్బాలో జంతికలు. ఎవరికీ ఏ గొడవా లేదు.

ఒక ఆదివారం కౌన్సిల్ రేంజర్, అంటే అక్కడి మున్సిపాలిటీ తనిఖీ మనిషి, వచ్చాడు. రోనేష్ అని, అతనిదీ ఫిజీయే. గొలుసు లేకుండా కుక్కల్ని వదిలేసేవాళ్లను పట్టుకోవడానికి వచ్చి, వీళ్లను చూసి ఆగాడు.

"అంకుల్, దీనికి అప్రూవల్ ఉందా?"

"దేనికి?"

"పెర్ఫార్మెన్స్‌కి."

"ఇది పెర్ఫార్మెన్స్ ఏంటయ్యా, మేం ఊరికే పాడుకుంటున్నాం."

"వాళ్లు వింటున్నారు కదా" అన్నాడు రోనేష్, జంతికలు తింటున్నవాళ్లను చూపిస్తూ. అతను కసిరి చెప్పలేదు. వానొచ్చేలా ఉంది, గొడుగు తెచ్చుకోండి అన్నట్టు చెప్పాడు. "ఆన్‌లైన్‌లో అప్లై చేయండి, ఈజీనే."

ఈశ్వరప్రసాద్ అప్లై చేశాడు. పాటల పేర్లు, ఒక్కోటి ఎంతసేపు అని అడిగారు. రుక్మణిని అడిగితే, "మనసు కుదిరితే అరగంట డాక్టర్ గారూ, కుదరకపోతే అయిదు నిమిషాలు" అంది. ఆయన ఉన్నదున్నట్టు రాశాడు. మనసు కుదిరిన పక్షంలో జనాన్ని ఎలా అదుపు చేస్తారో ప్రణాళిక పంపమని జవాబొచ్చింది. హార్మోనియం ఎలా పనిచేస్తుందంటే గాలితో అని రాశాడు. అయితే అది పీడనంతో నడిచే పరికరం, తనిఖీ సర్టిఫికెట్ జతచేయమన్నారు. కమలేష్ ఆ మెయిల్‌ను చాలాసేపు చూసి, "బస్సుకు కూడా ఇంత అడగలేదు" అన్నాడు. చెరువులోని బాతుల మీద శబ్ద ప్రభావం ఎంతో తేల్చమన్నారు. ఆ ప్రశ్న చదువుతుంటే బయట కౌన్సిల్ వాళ్లదే గడ్డి కోసే బండి హోరెత్తిస్తోంది, శేషుకుమారి లేచి కిటికీ మూసింది.

అసలు చిక్కు మృదంగంతో వచ్చింది. వాడే పదార్థాలన్నీ రాయమన్నారు. మృదంగం ఎడమవైపు మూతకు తడిపిన బొంబాయి రవ్వ ముద్ద అంటిస్తేనే గుమికి, ఆ గంభీరమైన మంద్రనాదం, పలుకుతుంది. ఈశ్వరప్రసాద్ అదీ రాశాడు. రోగి దగ్గర ఏదీ దాచకూడదన్నట్టే ఆయన కౌన్సిల్ దగ్గర కూడా దాచలేదు. ఆ మాటతో దరఖాస్తు సంగీతం వాళ్ల నుంచి ఆహార భద్రత వాళ్లకు వెళ్లింది. గోధుమ పడనివాళ్లకు హెచ్చరిక బోర్డు పెడతారా అని అడిగారు. పెడతామన్నాడు. ముద్దను ఎంత వేడి మీద నిల్వ ఉంచుతారు? ఉంచం, వాయించాక గీకి పారేస్తాం. అంటే మిగిలినదాన్ని మళ్లీ వడ్డించరు, మంచిది అన్నారు.

చివరికి అనుమతి వచ్చింది. ఆయన చదివాడు, అద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. ప్రతి ఆదివారం రవ్వ వంటకాల బండి పెట్టుకోవచ్చు. కొనేవాళ్లకు ఇబ్బంది కలగకుండా, సంగీతం మాత్రం ఉండకూడదు.

"పోనీ ఉప్మా చేద్దామా?" అంది శేషుకుమారి. ఆయనకు నవ్వు రాలేదు. కోపం తలకెక్కి, ఆ ఆదివారం మృదంగం పట్టుకుని నేరుగా పార్కుకు వెళ్లి కూర్చున్నాడు. శేషుకుమారి, రుక్మణి, కమలేష్, ఎప్పుడూ వచ్చే పదిమందీ చేరారు. రోనేష్ వచ్చాడు. అనుమతి పత్రం చదివి, కాసేపు చెరువు వైపు చూశాడు.

"అంకుల్, నేను మిమ్మల్ని ఆపాలి" అన్నాడు. "కానీ రూల్ ఏముందో చదువుతాను, వినండి. సంగీతకారుల వైపు తిరిగి జనం కూర్చుంటే పెర్ఫార్మెన్స్. లేకపోతే ప్రాక్టీస్. ప్రాక్టీస్‌కు అప్రూవల్ అక్కర్లేదు."

"అంటే?"

"వాళ్లు అటు తిరిగి కూర్చుంటే నాకేం అభ్యంతరం లేదు."

మొదట అటు తిరిగింది శేషుకుమారి. మడత కుర్చీ ఎత్తి, చెరువు వైపు వేసుకుని, కొంగు సర్దుకుని కూర్చుంది. మిగతావాళ్లూ తిప్పారు. రుక్మణి ఎదుట ఇప్పుడు ఒక్క మొహం లేదు. ఒకటే వీపులు, జడలు, బట్టతలలు. "గోడకు పాడినట్టుంది" అని గొణుక్కుంటూనే ఎత్తుకుంది.

ఈశ్వరప్రసాద్‌కు మాత్రం అది కొత్తగా అనిపించింది. మొహాలుంటే మొహమాటానికి తలలూపుతారు. వీపులు అబద్ధమాడడం లేదు. పల్లవి తిరిగినప్పుడు భుజాలు కదులుతున్నాయి, చరణం సాగితే నడుములు వాలుతున్నాయి. ఈ వింత చూడ్డానికే జనం పెరిగారు. కాస్త దూరంలోని కెల్లీవిల్ నుంచి కూడా కుర్చీలు తెచ్చుకుని వచ్చి, బాతులకేసి చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టారు. ఒకసారి రోనేష్ వీళ్ల వైపు తిరిగి నిలబడి టాబ్లెట్‌లో ఏదో రాసుకుంటుంటే శేషుకుమారి చెరువు వైపే చూస్తూ అంది:

"బాబూ, నువ్వలా చూస్తుంటే అది పెర్ఫార్మెన్స్ అయిపోతుందేమో."

రోనేష్ సారీ ఆంటీ అని గబుక్కున అటు తిరిగాడు. కాసేపటికి అతని బూటు తాళం వేయడం ఈశ్వరప్రసాద్ చూశాడు.

అలా ఉండగా ఒక ఆదివారం శ్యామసుందరి అనే పెద్దావిడ వచ్చింది. ఫిజీలో లంబాసా వైపు మనిషి, కూతురి దగ్గరికి కొత్తగా వచ్చింది. రుక్మణి ఒక పాట అందుకోగానే ఆవిడ వీపు బిగుసుకుంది. తర్వాత భుజాలు వణికాయి. ఏడుపు ఆపుకునే ఆ వణుకు మత్తు డాక్టరుకు తెలుసు. ఆయన చేతులు నెమ్మదించాయి. ఆవిడ కుర్చీ పట్టుకుని లేచి, నిదానంగా ఇటు తిరిగింది. రుక్మణి కళ్లలోకి చూస్తూ తర్వాతి చరణం పాడింది. ఆవిడకు తెలుగు మాట్లాడడం రాదు. ఆ పాట మాత్రం అక్షరం పొల్లుపోకుండా వచ్చు. వాళ్లక్క పాడేదట, తర్వాత చెప్పింది.

పాట అయ్యాక అందరూ రోనేష్‌ను చూశారు. ఆవిడ ఇటు తిరిగింది, అది తప్పే. రోనేష్ టాబ్లెట్ అటూ ఇటూ జరిపి, గొంతు సవరించుకున్నాడు.

"ఆంటీ పాడారు కాబట్టి ఆంటీ కూడా మ్యూజీషియనే. ప్రాక్టీస్‌లో ఉన్నారు."

ఆ మాట ఊరంతా పాకింది. ఇటు తిరగాలంటే పాడాలి, అంతే. తర్వాతి ఆదివారానికి ఒక్క వీపు మిగల్లేదు. అందరూ ఇటే, అందరూ గాయకులే. శేషుకుమారి కూడా నోరు విప్పింది, పెళ్లయినప్పటి నుంచి ఆయన ఎరగని గొంతు అది. ఒకరిది ఒక శ్రుతి, ఇంకొకరికి శ్రుతే లేదు. మూడో వరసలో ఒకాయన తాళాన్ని ఈడ్చుకుపోతున్నాడు. ముగ్గురు మెల్లగా పాడుకుంటే వద్దన్న కౌన్సిల్‌కు ఇప్పుడు ఊరు ఊరంతా గొంతెత్తినా అభ్యంతరం లేదు. బాతులు అవతలి గట్టుకు వెళ్లిపోయాయి. రుక్మణి మొహం వెలిగిపోతోంది.

ఇంటికి వెళ్తూ ఈశ్వరప్రసాద్ ఎర్రలైటు దగ్గర కారు ఆపాడు.

"ఇలా అయితే కష్టం శేషూ" అన్నాడు. "వచ్చే వారం నుంచి ఎవరు పాడొచ్చో ముందే చూసుకోవాలి. శ్రుతి ఉందా లేదా చిన్న పరీక్ష పెట్టి, పాసైనవాళ్లకే అప్రూవల్..."

శేషుకుమారి తల తిప్పి ఆయన్ను చూసింది. ఆయన మిగతా మాట మింగేసి, ఆకుపచ్చ లైటు పడ్డా కదలకుండా కాసేపు అక్కడే ఉండిపోయాడు.