వికారాబాద్ చెప్పింది, తాండూరు విన్నది

రూటరులోని దారుల టేబుల్ సగం దాకా వచ్చింది. స్క్రీన్ మీద తెల్ల అక్షరాల వరుసలు ఆగినప్పుడల్లా రాజేందర్ స్పేస్ బార్ నొక్కుతున్నాడు. ఇంకో పేజీ కిందికి జారుతోంది. ఒక్కో వరుసలో ఒక్కో ఊరి ఆఫీసుకో, బడికో, బ్యాంకుకో దారి ఉంటుంది. వరుస మొదట్లో ఉండే ఒక్క అక్షరం ఆ దారి గురించి రూటరుకు ఎలా తెలిసిందో చెబుతుంది. ఓ ఉంటే కొత్త పద్ధతిలో విన్నది. ఆర్ ఉంటే పాత పద్ధతిలో విన్నది. ఎస్ ఉంటే ఎవరో చేత్తో రాసింది.

అతను పెదవులు కొద్దిగా కదుపుతూ చదువుతాడు. యాభై దాటాడు. కుడిచేతి బొటనవేలి గోరు నిలువునా చీలి ఉంటుంది. కేబుల్ కోసం కందకాలు తవ్విన రోజుల్లో చీలింది, మళ్లీ కలవలేదు. వికారాబాద్ స్టేషన్ రోడ్డులో మెడికల్ షాపు పైనున్న ఈ గదిలోకి వచ్చాక పారతో పని లేకుండా పోయింది కానీ, పొద్దున రాగానే ఏదో ఒకటి నేలదాకా చూస్తే తప్ప అతనికి పని మొదలైనట్టు ఉండదు. అందుకని టేబుల్ మొత్తం చదువుతాడు. చదవమని ఎవరూ చెప్పలేదు.

తాండూరు వైపు వైర్లన్నీ ఒకప్పుడు అక్కడి కేబుల్ టీవీ ఆసామి వేసుకున్నవి. ఆయన పెట్టెలకు పాత పద్ధతే వచ్చు. రాజేందర్ పనిచేసే ఇంటర్నెట్ కంపెనీ వాటిని కొన్నాక కొత్త పద్ధతి తెచ్చింది. పాత పెట్టెలన్నీ మార్చేదాకా రెండూ నడవాల్సిందే. వికారాబాద్‌లో ఒకటి, తాండూరులో ఒకటి, ఈ రెండు పెద్ద రూటర్లకే రెండు పద్ధతులూ వచ్చు. ఒకదానిలో విన్నది రెండోదానిలోకి మార్చి చెప్పడం వాటి పని. రెంటి మధ్య కొత్త పద్ధతి నడిచే ఫైబర్ ఉంది. ధారూర్ టవర్ మీదుగా పాత పద్ధతి నడిచే రేడియో లింకు కూడా ఇంకా ఉంది.

ఫోన్ మోగింది. హైదరాబాద్ ఆఫీసు నుంచి ప్రియదర్శిని. చేరి రెండేళ్లయింది, చురుకైన పిల్ల.

"సార్, తాండూరు దగ్గర ఆ నాపరాయి గని ఆఫీసు కనెక్షన్ తీసేశాం కదా?"

"తీసేసినం మేడం. గని మూసిన్రు. తాండూరుల మన బీరన్న పోయి డబ్బా గూడ ఇప్పుకొచ్చిండు."

"టేబుల్‌లో ఇంకా ఉంది సార్. బతికే ఉన్నట్టు చూపిస్తోంది. దయ్యమేమో."

"పొద్దుగాల్నే దయ్యాల ముచ్చట వెట్టకున్రి మేడం. ఇంక చాయ గూడ తాగలే."

ఆమె నవ్వింది. ఇద్దరూ చెరో చోట చూడడం మొదలుపెట్టారు. వికారాబాద్ టేబుల్‌లో గని వరుస ముందు ఓ ఉంది. దారి తాండూరు మీదుగా. తాండూరు రూటరు తెరిచాడు. అక్కడ అదే వరుస ముందు ఆర్ ఉంది. దారి ధారూర్ మీదుగా. ధారూర్ పెట్టెను అడిగాడు. వికారాబాద్ చెప్పిందని అంది.

రాజేందర్ పాత క్యాలెండర్ కాగితం వెనక మూడు చుక్కలు పెట్టి, ఒకదాని నుంచి ఒకదానికి బాణం గీశాడు. మూడు బాణాలూ కలిసి గుండ్రంగా తిరిగాయి. గని ఆ బొమ్మలో ఎక్కడా లేదు.

"మేడం, గని నుంచి ఎవ్వరు వింటలేరు. తాండూరు చెప్పిందని వికారాబాద్ అంటున్నది. వికారాబాద్ చెప్పిందని తాండూరు అంటున్నది. నడుమ ధారూర్ మోసుకపోతున్నది."

"అవును సార్, నాకూ అదే కనిపిస్తోంది. కానీ ఒక్కో రూటరు దాటినప్పుడల్లా దూరం లెక్క పెరిగిపెరిగి ఆ వరుస దానంతటదే పడిపోవాలి కదా?"

"పద్ధతి మారినకాడల్లా లెక్క మల్ల మొదటికొస్తది. గందుకే ముసల్దైతలేదు."

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. తాండూరులో పుట్టిన ప్రతి వార్త మీదా అక్కడే ఒక గుర్తు వేసి పంపితే, ఆ గుర్తున్నవాటిని వికారాబాద్ మళ్లీ అటువైపు చెప్పకుండా చేయవచ్చంది. అది మంచి ఉపాయం. రాజేందర్‌కు తోచనిది. ఆ మాటే అన్నాడు.

"ఇక్కడి నుంచే చేసేద్దామా సార్?"

"తాండూరుల ఒక్క అక్షరం తప్పు వడ్డా మనమే బయట వడ్తం. మల్ల లోపలికి దారుండది. నేనే పోయి పక్కన గూసొని చేస్త. తమ్ముని గూడ చూసినట్టుంటది."

"ఎలా ఉన్నారు సార్ ఇప్పుడు?"

"నయమైతున్నదట."

తాండూరు బండి ఆలస్యంగా వచ్చింది. కిటికీ పక్కన చోటు దొరికింది. టిఫిన్ డబ్బాలో భార్య శ్యామల తన మరిది డేవిడ్ కోసం విడిగా పెట్టిన రాగి సంకటి ఉంది. అది ఒరగకుండా ఒళ్లో పెట్టుకున్నాడు.

ధారూర్ స్టేషన్ వచ్చింది. ఎక్కేవాళ్లు ఎక్కారు. పట్టాలకు అటువైపు కంది చేలల్లోనే రాజేందర్ నాన్న మొగులప్ప జీవితమంతా కూలి చేశాడు. ఇద్దరు కొడుకుల్లో ఎవరు చదవాలో ఆ ఇంట్లో ఎవరూ కూర్చుని తేల్చలేదు. ఒక ఎండాకాలం డేవిడ్ తాండూరులో పాలిష్ మిషన్ మీద పనికి ఒప్పుకుని వచ్చాడు. ఆ జూన్‌లో రాజేందర్ ఐటీఐలో చేరాడు. అంతే. పెద్దవాడు చదివి చిన్నవాడు పనికి పోవడం తలకిందుల వ్యవహారమని చుట్టాలు అన్నారు. డేవిడ్ మాత్రం, "అన్నకు బండ లేవది, నాకు అక్షరం లేవది, లెక్క సాపు" అని నవ్వేవాడు. నీళ్లు పోస్తూ బండను పాలిష్ పట్టడం, పొడిగా కోసేచోట తెల్లగా లేచే దుమ్ములో నిలబడడం, సాయంత్రం ఇంటికొచ్చి కనుబొమలు కడుక్కోవడం. ముప్పై ఏళ్లకు పైగా అదే పని. నిరుడు దగ్గు మొదలైంది. వానాకాలం దాటేసరికి మెట్లు ఎక్కలేకపోయాడు. వికారాబాద్‌లో ఒక దవాఖానలో ఛాతీ ఫోటో తీశారు. ఆ రోజు రాజేందర్ పరిగిలో తెగిన కేబుల్ దగ్గర ఉన్నాడు. తమ్ముడి భార్య పద్మారాణి తీసుకుపోయింది.

తాండూరులో కంపెనీ గది బస్టాండు వెనక ఉంది. కాపలా చూసే బీరన్న తలుపు తీసి, భుజం మీది తువ్వాలతో కుర్చీ దులిపాడు. వాళ్లన్న గొర్రెలు కాస్తాడు. తను ఈ పెట్టెలు కాస్తానని చెప్పుకుంటాడు.

"ఏం సారు, గింత దూరం ఒక్క లైను తుడుపనీకి వచ్చినవా?"

"ఔ బీరన్న. నీ తాన తువ్వాలుండె గద, నువ్వే తుడ్వకపోయినవా?"

"నేను తుడిస్తె ఊరంత పోతది. మల్ల నన్ను దుడుస్తరు."

రాజేందర్ వైరు తగిలించి పని మొదలుపెట్టాడు. రెండు చేతులతోనూ తొందర లేకుండా కొడతాడు, కొట్టిన ప్రతి ముక్కనూ ఒకసారి చదువుకుంటాడు. గుర్తు వేయడం అయ్యాక ప్రియదర్శినికి ఫోన్ చేశాడు. ఆమె వికారాబాద్ వైపు మార్చింది. ఇక చేసేది లేదు, చూడడమే. గని వరుస కొంతసేపు అలాగే ఉంది. ధారూర్ నుంచి కొత్తగా ఏ మాటా రావడం లేదు. తర్వాత ఆ వరుస పక్కన, బహుశా పోయి ఉండవచ్చు అన్న అర్థం వచ్చే రెండు మాటలు కనిపించాయి. పాత పద్ధతికి ఆ మర్యాద ఉంది. వెంటనే కొట్టేయదు, కాసేపు ఆగుతుంది.

"పోయింది సార్," అంది ప్రియదర్శిని.

"ఔ. పోయింది."

అది ఉన్న చోట ఖాళీ కూడా మిగలలేదు. పై వరుస, కింది వరుస దగ్గరికి జరిగాయి. కొత్తగా చూసేవాళ్లకు అక్కడ ఒకటి తగ్గిందని తెలియదు.

డేవిడ్ ఇల్లు పాలిష్ మిషన్ల వెనక వీధిలో ఉంది. గోడలూ నేలా అన్నీ నాపరాళ్లే. మిషన్ల చప్పుడు ఆ ఇంట్లో గాలిలాగా ఎప్పుడూ ఉంటుంది. డేవిడ్ గోడవారన కూర్చుని, ముందు పెట్టిన దిండు మీద రెండు చేతులూ ఆనించి ముందుకు వంగి ఉన్నాడు. పడుకుంటే ఊపిరి అందడం లేదట. పాదాలు ఉబ్బి ఉన్నాయి. పోయిన నెల వచ్చినప్పుడు మెడ ఇంత సన్నగా లేదు.

"అన్న వచ్చిండు," అన్నాడు. ఆ రెండు మాటలకే ఆగి ఊపిరి తీసుకున్నాడు. "ఇంక నల్ల రంగేస్తున్నవా మీసాలకు?"

"వదినె ఏస్తది. నాకేం ఎరుక."

సంకటిలో మజ్జిగ కలిపి పెట్టాడు. రెండు ముద్దలు తిని చాలన్నాడు. పద్మారాణి గిన్నె తీసుకుని వాకిట్లోకి పోతుంటే రాజేందర్ వెనకే వెళ్లాడు.

"డాక్టరు మల్ల ఎప్పుడు రమ్మన్నడు బిడ్డా?"

"నాకేం ఎరుక బావ. నువ్వే గద కలిసినవు."

"నేనా? ఎన్నడు?"

"నయమైతదన్నడని ఫోన్ల నువ్వే గద జెప్పినవు. వికారాబాద్‌ల ఉంటవు, రిపోర్టు వట్టుకోని పోయినవేమో అనుకున్న."

రాజేందర్ చేయి దర్వాజా రాయి మీద ఆగింది. "పద్మా. నయమైతున్నదని నువ్వంటేనే నేనన్న. నువ్వు ఫోటో నాడు డాక్టరు తాన కూసున్నవు గద."

"నన్ను లోపలికి రానియ్యలే. మందులకాడ లైన్ల నిలవడ్డ. నువ్వు మంచిగైతదన్నంక నాకు పానం నిమ్మళమైంది. గదే మల్ల నీకు జెప్పిన." ఆమె గిన్నె కింద పెట్టింది. "అయితే ఎవ్వరు అన్నరు బావ, నయమైతదని?"

పొద్దున కాగితం మీద తను గీసిన బాణాలు ఒక్కసారి రాజేందర్ కళ్ల ముందుకు వచ్చాయి. వాటిని పక్కకు తోశాడు.

"ఎవ్వరనలే," లోపలి నుంచి డేవిడ్ అన్నాడు. "ఇట్ల రాన్రి. ఒర్రితే దగ్గొస్తది నాకు."

ఇద్దరూ వచ్చి అతని ముందు కూర్చున్నారు.

"డాక్టరు నాకే జెప్పిండు. రాతిదుమ్ము లోపల గడ్డగట్టిందట. మందు లేదట." మాట మాటకూ ఆగుతున్నాడు. అలసిపోయినవాడి ముఖమే కానీ భయం లేదు. "ఇంటికొచ్చినంక జెప్దమనుకున్న. గంతల్నే నువ్వు ఫోన్ల సంబురపడవడ్తివి అన్న. గది జూసి ఇది సంబురపడె. మీరిద్దరు గట్ల మాట్లాడుకుంటుంటె నాకు గూడ జర మంచిగనిపించింది. ఉండనీ అనుకున్న."

పద్మారాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"హైదరాబాద్ పోదం," అన్నాడు రాజేందర్. "ఇప్పుడే. ఏమంటరో ఆల్ల నోటెంబడి ఇందం. లోపటికి నేనే వస్త."

"రేపు పోదం తియ్యి."

"రేపు లేదు. ముక్కుకు గాలన్న పెడ్తరు, జర నిమ్మళంగుంటవు."

తెలిసిన కారు డ్రైవరుకు ఫోన్ చేశాడు. యాలాల దగ్గర ఉన్నానని, తిరిగి రాగానే వస్తానని అతను చెప్పాడు. పద్మారాణి లేచి సంచిలో బట్టలు సర్దడం మొదలుపెట్టింది. రాజేందర్ శ్యామలకు ఫోన్ చేసి, రాత్రి ఇంటికి రానని చెప్పాడు. ఎందుకని ఆమె అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

తర్వాత తమ్ముడి పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. డేవిడ్ దిండు వదిలి అన్న భుజం మీద తల పెట్టాడు. అలా ఉంటే ఊపిరి కొంచెం సులువుగా ఆడుతోందన్నాడు. రాజేందర్ అతని వీపు మీద అరచేతితో కిందినుంచి పైకి రాస్తూ ఉన్నాడు. అంగీ కింద ఒక్కో ఎముకా చేతికి తగులుతోంది. చిన్నప్పుడు జాతరకు పోయినప్పుడు జనంలో తప్పిపోకుండా వీడు తన చొక్కా అంచు పట్టుకుని నడిచేవాడు.

"నీ పని అయిపోయిందా అన్న?" కళ్లు మూసుకునే అడిగాడు.

"అయిపోయింది."

"మంచిగైందా?"

"మంచిగైంది. పండుకో నువ్వు. కారొస్తే లేపుత."

డేవిడ్ తలాడించాడు. ఊపిరి కీచుమంటూ లోపలికి పోతోంది, కీచుమంటూ బయటికి వస్తోంది. మిషన్ల హోరులో అది వినాలంటే చెవి దగ్గర పెట్టాలి. వాకిట్లో ఎండ గోడ ఎక్కింది. పద్మారాణి సంచి మూతి కట్టి గడప మీద కూర్చుంది.

పని వేళ అయిపోయి, వీధిలో మిషన్లు ఒకటి తర్వాత ఒకటి ఆగాయి. చివరిది కూడా ఆగాక రాజేందర్ తమ్ముడి ఊపిరి వినడానికి తల వంచాడు. అలాగే వంచి ఉంచాడు. వీపు మీద చేయి ఆపలేదు. కిందినుంచి పైకి ఇంకా కొంతసేపు రాశాడు.

"పద్మా," అని నెమ్మదిగా పిలిచాడు. "ఇట్ల రా బిడ్డా."

ఆమె వచ్చింది. చూసింది. డేవిడ్ ఛాతీ మీద చేయి వేసి చూసి ఏడ్చింది. పక్కింటివాళ్లు వచ్చారు. అందరూ కలిసి డేవిడ్‌ను పడుకోబెట్టారు. ఎన్నో రోజుల తర్వాత అతను వెల్లకిలా పడుకున్నాడు.

వీధి మొదట్లో కారు హారన్ వినిపించింది. డ్రైవరుకు చెప్పి పంపించడానికి రాజేందర్ వాకిట్లోకి వచ్చాడు. బట్టలన్నీ సంచిలోకి పోగా ఆరేసే తీగ మీద ఒక్క దస్తీ మిగిలింది, పనిలో ముక్కుకు అడ్డం కట్టుకునేది. ఎన్నిసార్లు ఉతికినా పోని రాతిపొడి దాని మడతల్లో తెల్లగా గీతలు కట్టి ఉంది.